రంగు పడని ఫొటో

మిర్యాలగూడ,
12-7-1998.

తమ్ముడు హీరాలాల్‌కు అక్క పుష్పాబాయి ఆశీస్సులు.

ఈ వంకర అక్షరాలు చూసి ఎవరు రాశారా అని కవరు తిప్పి చూస్తావేమో. నేనే రాశాను, ఎడమ చేత్తో. కుడిచేయి ఇంకా చెప్పిన మాట వినడం లేదు. నోరు మార్చి నెలలో పక్షవాతంతో పడిపోయినప్పటి నుంచీ వినడం లేదు. చెప్పినట్టు పనిచేసేవి చెవులూ బుర్రా రెండే మిగిలాయి. ఇప్పుడు అవి కూడా లేవంటున్నారు.

నిన్న మండల విద్యాధికారి మా బడికి వచ్చాడు. నన్నూ మీ బావనూ రమ్మని కబురు పెడితే త్రిపురారం బస్సెక్కి పోయాం. హెడ్మాస్టరు వెంకటయ్య సారు తన గదిలో కూర్చోబెట్టాడు. ఆఫీసరు కవరు విప్పి, పట్నంలో మీ ఆస్పత్రి నుంచి వచ్చిన రిపోర్టు చదివాడు. ఎవరికి చదివాడో తెలుసా? మీ బావకు. నేను ఆ పక్క కుర్చీలోనే ఉన్నాను.

"బొమ్మలు చూపి వాటి పేర్లు మనసులో అనుకోమన్నప్పుడు మెదడు ఎడమ భాగంలో ఎలాంటి చలనమూ కనిపించలేదు. భాషను గ్రహించే శక్తి పోయినట్టే భావించాలి." ఇదీ అందులో ఉన్నది. తెల్లటి మెదడు ఫొటో ఒకటి జతచేశారు. రంగు పడాల్సిన చోట పడలేదట.

"సూడు గేమ్యా, ఫొటోల సాఫ్ కనవడుతుంది. ఇగ మనం మాట్లాడేది గూడ ఆమెకు సమజ్ కాదు. బడి ఎట్ల నడిపిస్తది?" అన్నాడు ఆఫీసరు మీ బావతో.

నేను బల్ల మీది కాగితం లాక్కుని "మీరు చెప్పేదంతా నాకు అర్థమవుతోంది సార్" అని రాసి ఆయన ముందు పెట్టాను. ఆయన చదివాడు. చదివి మీ బావ వైపే తిరిగి, "గిది అలవాటు కొద్ది రాస్తరంట, డాక్టర్ సాబ్ ఫోన్ల చెప్పిండు. రామకోటి రాసినట్టు" అన్నాడు. నాకు కోపం ఆగలేదు. అరవబోతే గొంతులోంచి గురగుర శబ్దం వచ్చింది. అది విని ఆయన ఇంకా జాలిపడ్డాడు. ఆ జాలికి నా ఒళ్లంతా మండిపోయింది.

పంతొమ్మిదేళ్లు తండా పిల్లలకు చదువు చెప్పాను హీరా. మన భాషలో అడిగిన పిల్లకు మన భాషలో, తెలుగులో అడిగిన పిల్లకు తెలుగులో చెప్పాను. అక్టోబర్‌లో సూర్యాపేటలో డాక్టర్ల బోర్డు కూర్చుంటుందట. ఆ రిపోర్టును వాళ్లు ఖాయం చేస్తే ఇక నాకు బడి లేదు. మతిలేని మనిషి అన్న ముద్ర మాత్రం ఉంటుంది.

ఆ స్కానింగ్ మిషన్ దగ్గర ఉన్నది నువ్వు. చిన్నాన్న కొడుకువు కదా అని నమ్మి అందులో తల పెట్టాను. ఇదేమిటో నాకు చెప్పు.

నీ అక్క,
పుష్పాబాయి

*

కోదాడ,
26-7-1998.

పూజ్యురాలైన అక్కకు తమ్ముడు హీరాలాల్ నమస్కారాలు.

నీ ఉత్తరం పట్నంలో అందింది. ఆదివారం ఇంటికి వచ్చాక తీరిగ్గా రాద్దామని ఆగాను. ఇక్కడ అందరం క్షేమం. మీ మరదలు సబ్‌సెంటరులో నర్సు డ్యూటీకి పోయింది. నువ్వు ఎడమ చేత్తో రాశావని చెబితే చాలా సంతోషించింది.

అక్కా, నువ్వు కోపం తెచ్చుకోవద్దు. కోపం రక్తపోటుకు మంచిది కాదు. పెద్ద డాక్టరు గారు విదేశంలో ఈ విద్య నేర్చుకుని వచ్చారు. ఈ రకం పరీక్ష మన దగ్గర ఇప్పుడిప్పుడే మొదలైంది. మాట పడిపోయిన పది మందికి చేసి, ఆ వివరాలు డాక్టర్ల సభలో చదవాలని ఆయన పట్టుదల. నీ పేరు నేనే ఇచ్చాను, నీకు మేలు జరుగుతుందనే ఇచ్చాను. ఆయన రాసిన దానికి టెక్నీషియన్‌ను నేను ఎదురు చెప్పగలనా? మిషన్‌కు ఎవరి మీదా పగ ఉండదు. అది అబద్ధం చెప్పదు.

ఇన్నేళ్లు కష్టపడ్డావు. జర విశ్రాంతి తీసుకుంటే తప్పేముంది? బావ రైస్‌మిల్లు పని ఉండనే ఉంది. బోర్డు ఏమన్నా నువ్వు మనసు కష్టపెట్టుకోవద్దని నా మనవి.

నీ తమ్ముడు,
హీరాలాల్

*

మిర్యాలగూడ,
5-8-1998.

హీరాలాల్‌కు,

మిషన్ అబద్ధం చెప్పదా? అయితే అబద్ధం చెప్పేది నేనన్నమాట.

నా సంగతి రాస్తాను, ఏ మిషన్‌తోనైనా సరిచూసుకో. ఈ పొద్దున పేపరు మొత్తం చదివాను. కూరగాయలామె తప్పుడు తూకం వేస్తే చెయ్యి పట్టి ఆపాను. పోయిన వారం వెంకటయ్య సారు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిన అయిదో తరగతి పరీక్ష పేపర్లు ముప్పై రెండు దిద్ది పంపాను. ఒక పిల్ల ఊపిరితిత్తుల పాఠంలో 'పీల్చిన గాలి కడుపులోకి పోవును' అని రాసింది. దాని పక్కన బొమ్మ గీసి బాణం గుర్తు పెట్టాను. భాష గ్రహించే శక్తి పోయిన మనిషి చేసే పనులేనా ఇవి?

సారు ఆ పేపర్లే పట్టుకుపోయి ఆఫీసరుకు చూపించాడు. ఆయన ఏమన్నాడో తెలుసా? "ఎడమ చెయ్యి రాతకు సాక్ష్యం ఏంది సారూ? మొగడు దిద్దిండేమో" అన్నాడు. సారు వెంట పోయిన మీ బావకు తెలుగులో సంతకం తప్ప రాదని తండా అంతటికీ తెలుసు. అది చెప్పుకోవడానికి ఆయన సిగ్గుపడి ఊరుకున్నాడు. నేను ఆయన మీద కూడా రెండు రోజులు కోపంగా ఉన్నాను.

ఇప్పుడు ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ నా ముందే నా గురించి మాట్లాడుతున్నాడు. "పాపం, ఎట్లుండె ఆమె!" అంటారు. గోడకు చెవులుంటాయని భయపడే జనం నాకు లేవని ధైర్యంగా ఉన్నారు. విశ్రాంతి తీసుకోమని రాశావు. గోడకు కొట్టిన మేకులాగా ఉండటం విశ్రాంతా? నువ్వు చెయ్యి, చూద్దాం, ఒక్క వారం.

నేను సైన్సు టీచర్ని. తలలో మాటకు రంగేమిటి? ఆ రంగు ఎక్కడి నుంచి వస్తుంది? అది రాకపోతే మాట లేదని ఎవరు తేల్చారు? తెలిస్తే రాయి. తెలియకపోతే తెలియదని రాయి. మీ పెద్ద డాక్టరు ఎక్కడ చదివాడో నాకు అక్కర్లేదు.

పుష్పాబాయి

*

కోదాడ,
23-8-1998.

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నాకూ కోపం వచ్చింది. మూడోసారికి సిగ్గేసింది. నాకు తెలిసినంత రాస్తాను.

ఆ మిషన్ మాటను చూడలేదు. ఆలోచననూ చూడలేదు. అది చూసేది నెత్తురును. మెదడులో ఒక చోట నాడీకణాలు పనిలో పడితే, అవి చుట్టుపక్కల రక్తనాళాలకు కబురు పెడతాయి. నాళాలు వెడల్పై ఆ చోటికి తాజా రక్తం పారుతుంది. వెంటనే కాదు, నాలుగైదు సెకన్లు ఆలస్యంగా. పైగా కావలసిన దానికన్నా ఎక్కువే వస్తుంది. కాబట్టి వాడుకోగా మిగిలిన ఆక్సిజన్ అక్కడ పోగవుతుంది. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్‌కూ లేని దానికీ అయస్కాంతం దగ్గర నడవడికలో కొంచెం తేడా ఉంటుంది. ఆ కొంచెం తేడానే మిషన్ పట్టుకుంటుంది.

మీ త్రిపురారం పొలాలకు సాగర్ ఎడమ కాలువ నీళ్లు వస్తాయి కదా. ఎవరి మడిలో పని నడుస్తుందో మడిని చూడకుండా, ఏ తూములో నీళ్లు ఎక్కువ పోతున్నాయో చూసి చెప్పడం లాంటిది ఇది. చాలాసార్లు సరిగ్గానే ఉంటుంది. కానీ తూము దగ్గర ఏదైనా తేడా వస్తే, మడిలో మనుషులు నాట్లు వేస్తూనే ఉంటారు, మన లెక్కలో మాత్రం ఎవరూ లేనట్టు వస్తుంది.

ఇంకొకటి. ఈ తేడా చాలా చిన్నది, నూటికి రెండో మూడో పాళ్లు. ఒక్క ఫొటోలో కనిపించదు. అందుకే ముప్పై సెకన్లు బొమ్మలు చూపిస్తాం, ముప్పై సెకన్లు ఖాళీ తెర పెట్టి విశ్రాంతి ఇస్తాం. ఇట్లా ఆరుసార్లు. తర్వాత కంప్యూటరు పని వేళ ఉన్న దాంట్లోంచి విశ్రాంతి వేళ ఉన్నది తీసేస్తుంది. మిగిలిన దానికి రంగు వేస్తుంది. ఆ రంగు మనం వేసిందే, మెదడులో ఏ రంగూ లేదు.

ఈ మాటలు మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. పెద్ద డాక్టరు గారి రిపోర్టుకు వ్యతిరేకంగా నా చేతి రాత బయట ఉండటం ఎందుకని భయపడ్డాను.

అక్కా, ఒక్కటి అడుగుతాను. ఆ రోజు మిషన్‌లో పడుకున్నంతసేపు నువ్వు ఏం చేశావో ఉన్నదున్నట్టు రాయి. చిన్న విషయమే కదా అని దేన్నీ వదలొద్దు.

హీరాలాల్

*

మిర్యాలగూడ,
30-8-1998.

తమ్ముడు హీరాలాల్‌కు,

ఈసారి ఉత్తరం మనిషి రాసినట్టుంది. కాలువ సంగతి అర్థమైంది. కణం మాట్లాడితే నాళం వింటుందని, మీరు నాళాన్ని చూసి కణం గురించి సాక్ష్యం చెబుతున్నారని అర్థమైంది. ఆరో తరగతి పిల్లకు చెప్పినా ఇది అర్థమవుతుంది. మండల విద్యాధికారికి ఎందుకు కాలేదో మరి.

ఆ రోజు సంగతి రాయమన్నావు. రాయడానికేముంది? చెవులకు డిప్పలు పెట్టారు, తల చుట్టూ మెత్తలు కూరారు. దడదడమని చప్పుడు. అద్దంలో బొమ్మలు కనిపించాయి. చెంబు, కోడిపుంజు, గొడ్డలి, గొడుగు. ఒక్కొక్క దాని పేరూ మనసులో అనుకున్నాను. తెలుగులో ఒకసారి, మన భాషలో ఒకసారి. ఏది అడుగుతున్నారో తెలియక రెండూ అనుకున్నాను. తర్వాత బొమ్మలు పోయాయి. డిప్పల్లోంచి నీ గొంతు వినిపించింది: "కదలొద్దు అక్కా." అప్పుడు ఊపిరి బిగబట్టాను. మళ్లీ బొమ్మ వచ్చినప్పుడు వదిలాను. ఆరుసార్లూ అంతే. ఆఖరి రెండుసార్లు చాలా కష్టమైంది, కళ్ల ముందు మిణుగురులు తిరిగాయి. అయినా వదల్లేదు. ఫొటో పాడైతే నీకు మాట వస్తుందేమోనని.

నీకు గుర్తుందో లేదో. గరిడేపల్లి దగ్గర మన తండాకు క్షయరోగం పరీక్షల వ్యాను వచ్చేది. మా బాపుకు దగ్గు తగ్గక మనందరినీ వరసలో నిలబెట్టారు. ఆ వ్యానాయన రేకు మీద మన గడ్డం ఆనించి "ఊపిరి బిగబట్టు, కదలకు" అని అరిచేవాడు. ఊపిరి వదిలిన వాళ్ల ఫొటో చెడిపోయిందని మళ్లీ వెనక్కి తోసేవాడు. నన్ను కన్న యాడిని మూడుసార్లు తోశాడు, నాలుగోసారి ఏడ్చింది. ఆ తర్వాత నెల రోజులు మనకదే ఆట. పళ్లెం మీద గడ్డం పెట్టి ఎవరు ఎక్కువసేపు బిగబడతారో చూసేవాళ్లం. నువ్వు ఒక్కరోజు కూడా నన్ను ఓడించలేదు.

మిషన్ ముందు "కదలొద్దు" అంటే మనకు ఒకటే అర్థం కదా. నువ్వు చెప్పింది ఒక్కటీ దాటలేదు. ఇంకేం కావాలి?

నీ అక్క,
పుష్పాబాయి

*

కోదాడ,
6-9-1998.

అక్కా,

నీ ఉత్తరం అందింది.

ఊపిరి బిగబడితే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. అది పెరిగితే మెదడులో నాళాలన్నీ ఒక్కసారే వెడల్పవుతాయి, అక్కడ కణాలు పనిచేస్తున్నా చేయకపోయినా. తల మొత్తం తాజా రక్తంతో నిండిపోతుంది. అది ఎప్పుడు జరిగింది? నేను విశ్రాంతి అని లెక్కవేసిన వేళల్లో. బొమ్మలు చూసి నువ్వు పేర్లు అనుకున్నప్పుడు ఎంత పెరిగిందో, నా మాట విని ఊపిరి బిగబట్టినప్పుడూ అంతే పెరిగింది, కొన్ని చోట్ల ఎక్కువే. అందులోంచి ఇది తీసేస్తే మిగిలేది సున్నా. ఆ సున్నాను చూసి నీకు భాష లేదన్నారు.

నీ మెదడు ఆ ముప్పై సెకన్లూ రెండు భాషల్లో మాట్లాడింది. నేనే దాన్ని కొట్టేశాను. మైకులో "మామూలుగా ఊపిరి తీసుకో" అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. పట్నం వాళ్లకు చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఎక్స్‌రే వ్యాను వరసలో నిలబడ్డ వాణ్ని, నాకైనా తట్టాల్సింది.

ఇంకొక సంగతి ఉంది. ఇది రాయకుండా ఈ ఉత్తరం మూసేస్తే నేను మనిషిని కాదు. బొమ్మలు చూసేటప్పుడు ఎవరికైనా మెదడు వెనుక భాగంలో రంగు పడాలి. చూపు ఉండేది అక్కడే. నీకు అక్కడా పడలేదు. నువ్వు గుడ్డిదానివి కాదు. అంటే పరీక్షలోనే ఏదో తేడా ఉందని ఆ సాయంత్రమే తెలిసిపోయింది. పెద్ద డాక్టరు గారికి చూపించాను. "ఇది భాష పరీక్ష, చూపు పరీక్ష కాదు. నీ పని నువ్వు చూసుకో" అన్నారు. నేను నా పని చూసుకున్నాను. రిపోర్టు టైపు చేసి కవరులో పెట్టింది కూడా నేనే.

నన్ను క్షమించు.

హీరాలాల్

*

మిర్యాలగూడ,
12-9-1998.

హీరాలాల్ గారికి,

మీ ఉత్తరం అందినది.

జూన్‌లో పరీక్ష రోజే మీకు తెలుసు. జూలైలో "మిషన్ అబద్ధం చెప్పదు" అని రాశారు. విశ్రాంతి తీసుకొమ్మని రాశారు. కోపం రక్తపోటుకు మంచిది కాదని కూడా రాశారు. ఆ రెండు నెలలూ నా ఇంట్లో నేను శవం పక్కన కూర్చున్న మనిషిలా ఉన్నాను, ఆ శవం కూడా నేనే.

మీ పెద్ద డాక్టరు నన్ను ఎరుగడు. ఆయనకు నేను పది మందిలో ఒకతెను. మీరు ఎరుగుదురు. మీకు అ ఆలు దిద్దించింది ఎవరు? పదో తరగతి తప్పి ఇంట్లోంచి పారిపోతే కోదాడ బస్టాండులో పట్టుకుని మళ్లీ పరీక్ష రాయించింది ఎవరు? భాష రాని మనిషి కాదు కదా.

బోర్డు అక్టోబర్ ఇరవై ఏడున. క్షమాపణ నేను బోర్డు ముందు పెట్టుకోలేను. మీరు రాసిన సంగతి కాగితం మీద పెట్టి, కింద సంతకం చేసి తెండి. రాలేకపోతే ఆ మాట ఇప్పుడే చెప్పండి.

ఇట్లు,
బి. పుష్పాబాయి

*

కోదాడ,
4-10-1998.

అక్కా,

'గారు' అన్నావు. నాకు అది సరిపోయింది.

ఉత్తి మాట బోర్డులో చెల్లదని నాకు తెలుసు. అందుకని పోయిన గురువారం, దసరా సెలవున, మిషన్ ఖాళీగా ఉన్నప్పుడు నేనే అందులో పడుకున్నాను. నాతో పనిచేసే కొమురయ్య బయట నుంచి నడిపించాడు. అవే బొమ్మలు, అవే ముప్పై సెకన్లు. మొదటిసారి మామూలుగా ఊపిరి తీసుకున్నాను. రెండోసారి నువ్వు చేసినట్టే, తెర ఖాళీ అయినప్పుడల్లా బిగబట్టాను. నాలుగోసారికి గుండె చెవుల్లో కొట్టుకుంది. నువ్వు ఆరుసార్లూ ఎట్లా ఆగావు అక్కా?

మొదటి ఫొటోలో ఎడమ వైపూ వెనుక వైపూ చక్కగా రంగు పడింది. రెండో దాంట్లో ఏమీ లేదు. అచ్చం నీ ఫొటోనే. ఆ లెక్కన నాకు మాటా లేదు, చూపూ లేదు. కొమురయ్య దాన్ని వెలుగుకు పట్టి చూసి, "ఇగ నువ్వు డ్యూటీకి పనికిరావు హీరా, ఇంటికి పో" అన్నాడు. ఈ ఫొటోతో ఇంకెవరిని ఇంటికి పంపామో అనిపించింది.

శనివారం రెండు ఫొటోలూ పెద్ద డాక్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన చూశారు. అర్థం కాలేదని అనుకోకు, ఒక్క నిమిషంలో అర్థమైంది. అయినా ఏమన్నారో తెలుసా? "సభకు కాగితం పోయింది. పది మందిలో ఒకరిని తీసేస్తే నవ్వుతారు. అయినా అనుమతి లేకుండా మిషన్ ఎవరు వాడమన్నారు?" అన్నారు. మధ్యాహ్నానికి మెమో వచ్చింది. బోర్డు దగ్గరికి పోతే ఉద్యోగం సంగతి చూసుకోమని చెప్పి పంపారు.

నేను వస్తున్నాను. ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టుకు అందుకోకపోతే డ్యూటీ ఎగ్గొట్టానని రాస్తారు. అంచేత పొద్దున్నే బోర్డు ముందు నిలబడి, మాట చెప్పి, వెంటనే బస్సెక్కుతాను. మీ మరదలికి చెప్పాను. "పోకుంటే నేనే పోయి చెప్తా" అన్నది.

హీరాలాల్

*

సూర్యాపేట,
27-10-1998.

అక్కా,

బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. పట్నం బస్సుకు ఇంకా కొంచెం టైముంది. లోపల జరిగింది నీకు తెలియదు, నిన్ను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు కదా. నీ గురించి కూర్చున్న బోర్డు నిన్ను తప్ప అందరినీ పిలిచింది. నేను లోపలికి పోతూ నీ వైపు చూశాను. నువ్వు తల తిప్పుకున్నావు.

లోపల ముగ్గురు డాక్టర్లు. మా పెద్ద డాక్టరు గారు కూడా వచ్చి పక్కన కూర్చున్నారు. నేను మూడు ఫొటోలు కిటికీ అద్దానికి ఆనించి పెట్టాను. ఒకటి నీది, రెండు నావి. సంగతంతా చెప్పాను. మా డాక్టరు గారు నవ్వి, "ఇతను ఆమె బంధువు. టెక్నీషియన్లు కూడా రిపోర్టులు చెప్పడం మొదలుపెడితే ఇక మేమెందుకు?" అన్నారు.

బోర్డులో ఒక పెద్దావిడ ఉంది, నెరిసిన జుట్టు. ఆమె లేచి వచ్చి నీ ఫొటో వెనుక భాగం మీద వేలు పెట్టింది. "డాక్టర్, ఇక్కడ కూడా ఏమీ లేదు. ఈమె బొమ్మలు చూసిందా లేదా?" అని అడిగింది. ఆయన చూసిందన్నారు. "చూసిన మనిషికే ఇక్కడ రంగు రాకుంటే, అక్కడ రాలేదన్నంత మాత్రాన భాష లేదని ఎట్లా రాశారు?" అంది. ఆయన చాలాసేపు ఇంగ్లీషులో చెప్పారు. ఆమె కూర్చోలేదు, ఫొటో దగ్గరే నిలబడి ఉంది.

అప్పుడు ఇంకో డాక్టరు బావను అడిగాడు, "ఇంట్ల ఆమెకు మీరు చెప్పేది సమజైతదా?" అని. బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాకు భయమేసింది, ఏమంటాడోనని. "నన్నెందుకు అడుగుతుండ్రు సార్? ఆమె గీడనే, బయట కూసుంది. ఆమెనే అడుగుండ్రి. నాకు సంతకం తప్ప ఏం రాదు. గా పేపర్లన్ని దిద్దింది ఆమెనే" అన్నాడు. అందరి ముందూ అన్నాడు అక్కా.

నన్ను ఇంకో తలుపులోంచి పంపించేశారు. నిన్ను పిలిచారో లేదో చూడకుండానే వచ్చేశాను. బస్సు వస్తున్నట్టుంది. ఏమైందో రాయి. తిట్టినా సరే, రాయి.

హీరాలాల్

*

త్రిపురారం,
16-11-1998.

తమ్ముడు హీరాలాల్‌కు,

ఈ ఉత్తరం బడిలోంచి రాస్తున్నాను. పిల్లలు అన్నానికి పోయారు.

నీ మెమో సంగతి మరదలు రాసింది. పట్నం నుంచి నిన్ను తీసేస్తే కోదాడలో ఎక్స్‌రే పని చూసుకుంటావని కూడా రాసింది. ఎక్కడ చేసినా మైకు ముందు కూర్చున్నప్పుడు అవతల ఉన్న మనిషి ఏ ఊరి నుంచి వచ్చిందో, ఆమెకు ఏం తెలుసో, ఏం తెలియదో అడుగు. నీ మీద నా కోపం పోలేదు. కొంత పోయింది. ఉన్నంత ఉంటుంది, నువ్వు భరించాలి.

నువ్వు పోయాక నన్ను పిలిచారు. ఆ పెద్దావిడ కాగితం మీద ప్రశ్నలు రాసి ఇచ్చింది, నేను రాసి ఇచ్చాను. నలభై నిమిషాలు. మీ పెద్ద డాక్టరు గోడ గడియారం చూస్తూ ఉన్నాడు. ఆఖరికి ఆమె "మాట లేకుండా పిల్లలకు ఎలా చెబుతారు?" అని రాసింది. "నేను బోర్డు మీద రాస్తాను, వాళ్లు గట్టిగా చదువుతారు. తప్పు చదివితే బల్ల మీద కొడతాను. నా బదులు నలభై గొంతులు ఉన్నాయి" అని రాశాను. ఆమె దాన్ని మిగతా ఇద్దరికీ చదివి వినిపించింది. ఎవరి మాటో చెప్పి మరీ చదివింది.

ఈ పొద్దున ఆఫీసరు ఆర్డరు తెచ్చాడు. బడి నాదే. ఈసారి నా వైపు తిరిగే చదివాడు, కొంచెం గట్టిగా, చెవిటివాళ్లకు చెప్పినట్టు. పోనీలే అనుకున్నాను. కానీ కింద ఒక వాక్యం ఉంది హీరా. మీ పెద్ద డాక్టరు తన తప్పు తన మీద పడకుండా రాయించుకున్నాడు: "రోగి సూచనలను పాటించక, సహకరించనందున జూన్ నెలలో జరిపిన పరీక్ష చెల్లలేదు." దాని కింద నేను, పై విషయాలు సరైనవని ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి.

సహకరించలేదట! కళ్లు తిరిగేదాకా బిగబట్టాను. ఆ ఆస్పత్రిలో చెప్పిన మాటను అంతగా పాటించిన మనిషి ఇంకొకరు ఉంటే చూపించమను. నన్ను మతిలేని దాన్ని చేసింది వాళ్లు, మొండిదాన్ని చేసిందీ వాళ్లే. రెండు రిపోర్టుల్లోనూ తప్పు చేసింది నేనే.

నేను పెన్ను పట్టుకుని కదలకుండా కూర్చున్నాను. వెంకటయ్య సారు వంగి, "పెట్టుండ్రి మేడం. కొలువు దక్కింది గద. గా ఒక్క ముక్క కోసం లొల్లి ఎందుకు?" అన్నాడు. మంచివాడే. కిటికీలో పిల్లల తలలు కనిపిస్తున్నాయి. సంతకం పెట్టకపోతే బడి లేదు. పెడితే ఆ అబద్ధం నా చేత్తో నిజమవుతుంది. పంతొమ్మిదేళ్లుగా నా ముందు పెట్టిన ప్రతి కాగితం మీదా తప్పు కనిపిస్తే దిద్దాను, ఇదొక్కటి వదలాలా?

ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టాను. ఆఫీసరు కుర్చీలోంచి లేచి, "అరె మేడం, గట్ల రాయొద్దు, ఫారం ఖరాబైతది!" అని చెయ్యి అడ్డం పెట్టబోయాడు. నేను ఆయన చెయ్యి పక్కకు తోసి, వంకర అయినా ప్రతి అక్షరమూ తెలిసేటట్టు, ఆ గీత పైన రాసి సంతకం పెట్టాను:

"ఊపిరి తీసుకోమని నాకు ఎవరూ చెప్పలేదు.
బి. పుష్పాబాయి, ఉపాధ్యాయురాలు."